ఇళ్ల అమరికను చూసి ఆనాటి సమాజాన్ని ఎంతవరకు చెప్పగలం?

చరిత్రపూర్వ ఊళ్లో ఒక పెద్ద ఇల్లు బయటపడితే అక్కడ నాయకుడు ఉన్నట్టేనా అని అడిగారు. ఇంటి పరిమాణం ఒక్కటే చాలదు. ధాన్యం ఎక్కడ దాచారన్నది అంతకంటే ముఖ్యం. తవ్వకాల్లో ప్లాన్లు గీసే పని చేసినప్పటి నుంచీ నా చూపు ముందు గాదెల మీదికే పోతుంది.

మహారాష్ట్రలో ఘోడ్ నది ఒడ్డున ఉన్న ఇనాంగావ్‌నే తీసుకోండి. సుమారు 3,600 నుంచి 2,700 ఏళ్ల క్రితం నాటి ఊరు. అక్కడ నడిబొడ్డున అయిదు గదుల ఇల్లు, దానికి గాదె, ముంగిట్లో నాలుగు కాళ్ల పెద్ద మట్టి కాగులో బాసింపట్టు వేసి కూర్చోబెట్టి పూడ్చిన ఒక పురుషుడు. ఇల్లు, గాదె, సమాధి ఒక్కచోటే కనిపించడం వల్లే నాయకుడనే మాటకు బలం వచ్చింది.

టర్కీలోని చాతల్ హోయుక్ ఇందుకు భిన్నం. సుమారు 9,000 ఏళ్ల క్రితం మొదలైన ఈ ఊళ్లో ఇళ్లను గోడకు గోడ ఆనించి కట్టారు. కప్పుల మీద నడిచి, నిచ్చెన దిగి లోపలికి పోయేవారు. ధాన్యం ఏ ఇంటిది ఆ ఇంట్లోనే, చనిపోయినవారు కూడా ఆ నేల కిందే. ఒక ఇంటి కింద ఉన్నవారంతా ఒకే కుటుంబమని ఎవరికైనా అనిపిస్తుంది. దంతాలను పోల్చిన 2011 నాటి అధ్యయనంలో మాత్రం వారి మధ్య దగ్గరి రక్తసంబంధం పెద్దగా కనిపించలేదు. 2025లో వచ్చిన జన్యు అధ్యయనం తల్లి వైపు బంధుత్వాన్ని గుర్తించింది. బంధుత్వం తేల్చడానికి ఎముకలే దిక్కు, గోడలు చాలవు.

ఇంకో చిక్కు కాలంతో వస్తుంది. నేను గీసిన ఒక ప్లానులో గుంజలు పాతిన గుంతల వలయాలు రెండు ఒకదానినొకటి కోసుకుపోయాయి. ఒక గుంతలోని నల్లటి మట్టి ఇంకోదాని అంచును తినేసింది. అంటే పాత గుడిసె పోయాకే కొత్తది లేచింది. కాగితం మీద మాత్రం అవి ఇరుగుపొరుగు ఇళ్లలా కనిపిస్తాయి. అందుకే ప్లాను చేతికి రాగానే అది ఏ కాలపు మట్టి పొరదో చూడండి. పొరల గుర్తు లేకపోతే ఇళ్లు లెక్కపెట్టి జనాభా కట్టకండి.