ఆ అల్మరాలో దేవుణ్ణి పెట్టకండమ్మా!

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లో ఉంటాం. పాత సామాన్ల షాపులో విక్టోరియా కాలం నాటిదని చెబితే ఒక బెడ్‌రూమ్ సెట్ కొన్నాం. అందులో పాలరాతి పలక వేసిన బల్ల ఉంది, దానికి వెనకాల పూల టైల్స్, పక్కన తువ్వాలు వేసుకునే కడ్డీ. ఇంకోటి మంచం పక్కన పెట్టుకునే చిన్న అల్మరా. బల్లని వంటింట్లో వాడుకుని, అల్మరాని దేవుడి మందిరం చేద్దామనుకుంటున్నాం. సరేనా?
– ఓ పాఠకురాలు, లెస్టర్

జవాబు: బల్ల సంగతి తర్వాత, ముందు ఆ అల్మరా దగ్గర ఆగండి. ఒకే తలుపుతో, మంచం ఎత్తులో ఉందంటే అది దాదాపుగా పాట్ కబ్బర్డే, అంటే రాత్రిళ్లు ఒంటికి వెళ్లడానికి వాడే పింగాణీ కుండని దాచే చోటు. అప్పట్లో చాలా ఇళ్లలో పడకగది మేడ మీద, మరుగుదొడ్డి పెరట్లో ఉండేవి, మరి ఆ చలిలో అర్ధరాత్రి ఎవరు దిగుతారు? పని కానిచ్చి, కుండ లోపల పెట్టి తలుపేసేవాళ్లు, పొద్దున్నే పనిమనిషి దాన్ని తీసుకెళ్లి పారబోసి కడిగేది. ఎత్తు మంచం ఎక్కడానికి వేసుకునే మెట్లపీటల్లో కూడా కొన్నిటికి ఒక మెట్టు ముందుకు లాగితే లోపల కుండ ఉండేది, పైన మాత్రం దర్జాగా తివాచీ! ఇప్పుడు శుభ్రంగానే ఉంటుంది లెండి, పుస్తకాలు పెట్టుకోండి. దేవుడికి మాత్రం ఇంకో చోటు చూడండి.

బల్ల పేరు వాష్‌స్టాండ్. గదిలో కొళాయి లేని రోజుల్లో దాని మీద పెద్ద జగ్గు, బేసిన్, సబ్బుపెట్టె ఉండేవి. పొద్దున పనమ్మాయి వేడినీళ్లు తెచ్చిపెడితే అక్కడే మొహం కడుక్కోవడం, గడ్డం గీసుకోవడం. నీళ్లు పడితే చెక్క పాడవుతుందని పాలరాయి, గోడ మీద చిందకుండా టైల్స్, వాడిన నీళ్లకి కింద ఒక బకెట్టు. పైపుల్లో నీళ్లు మేడ మీదికెక్కి, ఇంట్లోనే బాత్‌రూమ్ వచ్చాక వీటికి పని లేకుండా పోయింది.

వంటింట్లో పెట్టుకోవచ్చు గానీ మన వంటకీ పాలరాతికీ పడదు. నిమ్మరసం, చింతపండు పులుసు, వెనిగర్ ఏది పడినా పులుపుకి రాయి పైపొర తినేసి మచ్చ పడుతుంది, ఎంత తుడిచినా పోదు. ఇత్తడి చెంబులా చింతపండుతో తోమితే మెరుస్తుందని ఎవరైనా చెబితే అస్సలు వినకండి. కాస్త సబ్బునీళ్లతో తుడిచి, తడి లేకుండా ఒత్తేస్తే చాలు.

ప్రశ్న: తాతగారి పందిరిమంచం ఫ్లాట్‌లో ఫ్యాన్‌కి తగులుతోంది. కోళ్ల పైభాగం కోసేద్దామని వడ్రంగి అంటున్నాడు.
– ఓ పాఠకుడు, రాజమండ్రి

జవాబు: కోయించకండి. ఆ పందిరి దోమతెర కట్టుకోవడానికి. చాలా మంచాల్లో పై చట్రం, నిలువు కర్రలు విడివిడిగా ఊడొస్తాయి. రంపం తీసే ముందు చీలలు, బోల్టులు ఎక్కడున్నాయో వెతకమనండి. ఊడదీసినవి గుడ్డలో చుట్టి అటక మీద పెట్టండి.