అన్నను అడగండి: దౌరా మూట నుంచి టికెట్ ట్రే దాకా

ఈసారి ఉత్తరాల కట్టల ఐదు ఉత్తరాలు ఒక్క దారి పట్టినయ్, బస్సు, హోటలు, రైలు, విమానం, అక్కడ పని చేసేటోళ్ల ముచ్చట. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకు పెట్టిన, కోపం చేసుకోకండి.

ప్రశ్న: అన్నా, మా తాత బస్సు కండక్టర్ చేసి రిటైరయిండు. ఆయన నాయన మాత్రం దొరలకు, దౌరాకొచ్చే ఆఫీసర్లకు మూటలు మోసేటోడట, పైస ఇచ్చేది లేదట. ఇప్పుడు మా పిల్లగాడు హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతా అంటే మా ఆయన "మళ్ల ఎంగిలి ప్లేట్లు తీసే పనికేనా" అని ఇంట్ల ఒకటే లొల్లి. ఈ పనికి చరిత్ర అంటూ ఏమన్న ఉందా?
(ఒక అక్క, మిర్యాలగూడ)

జవాబు: చరిత్ర మీ ఇంట్లనే ఉంది కదా అక్కా, ముత్తాతకు పైస లేదు, తాతకు జీతం, పిల్లగానికి కోర్సు. నన్నడిగితే ఈ మొత్తం కథల చూడాల్సింది ఒక్కటే, సేవ చేసినోనికి పైసలు ఎవరిచ్చిన్రు, ఎంత ఇచ్చిన్రు, అసలు ఇచ్చిన్రా లేదా.

దౌరా అంటే ఇప్పటోళ్లకు తెల్వదు, ఆఫీసర్లు ఊర్ల మీద తిరిగే టూరు. గిర్దావరో (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) పోలీసు అమీనో (సబ్ ఇన్‌స్పెక్టర్ లెక్క) వస్తుండంటే ఊరు ఊరంతా పనిల పడేది. కులానికింత అని పని పంచిపెట్టి ఉండె, కుమ్మరాయన కుండలు తెచ్చి నీళ్లు నింపాలె, చాకలాయన బట్టలుతుకాలె, మంగలాయన ఒళ్లు పట్టాలె, కట్టెలెవరో కొట్టాలె, కోళ్లెవరో ఇయ్యాలె. దొరలోళ్ల మేనాలు బోయలు, బెస్తలు భుజాల మీద మోసేటోళ్లు. దొర కచ్చడం బండి ఎక్కితే దళితులు బండి ముందు ఒకరు, ఎనుక ఒకరు ఉరుకాలె, ఎడ్లతోని సమానంగా మనిషి ఉరుకుడు అంటే ఒకసారి ఊహించుకోండి. ఇదంతా వెట్టి. అడిగితే కూలి లేదు, అడగకుంటే కూడ లేదు. టూరిజం, హాస్పిటాలిటీ అని ఇప్పుడు మనం పెద్ద పెద్ద మాటలు అంటున్నం గానీ, అతిథికి తిండి, నీళ్లు, మోత, స్నానం, పడక, అన్నీ అప్పుడు కూడ ఉండె, జీతం ఒక్కటే లేకుండె.

నిజాం రాజ్యంల తెలుగోళ్లు 1921ల పెట్టిన ఆంధ్ర జనసంఘం పట్టుకున్న పనులల్ల ఈ వెట్టి మీద కొట్లాట ఒకటి. తర్వాత 1930ల జోగిపేటల మొదటి ఆంధ్రమహాసభ జరిగితే అధ్యక్షుడు మన పాలమూరు సురవరం ప్రతాపరెడ్డిగారే. ఆ తర్వాత సాయుధ పోరాటంల నల్లగొండ జిల్లాల ఏం జరిగిందో మీకు నేను చెప్పేదేముంది, మిర్యాలగూడ మనిషి మీరు. రాజ్యాంగం 23వ ఆర్టికల్ వెట్టిని నేరం అన్నది, అయినా ఊర్లల్ల వెట్టి పూర్తిగా పోలే, 1976ల మళ్ల ప్రత్యేకంగా చట్టం తేవాల్సొచ్చింది.

ఇగ మీ తాత సంగతి. 1932 జూన్‌ల నిజాం రైల్వే వాళ్లు రోడ్డు రవాణా డిపార్ట్‌మెంట్ అని పెట్టిన్రు, 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. అప్పటి ఆల్బియన్ బస్సు ఒకటి హైదరాబాద్ బస్ భవన్‌ల పెట్టిన్రు, అందరు దాని ముందు ఫొటో దిగి వస్తరు. నాకు మాత్రం 27 కంటే ఆ 166 పెద్ద నంబర్ అనిపిస్తది. ప్రయాణం చేసేటోనికి సేవ చేస్తే నెల తిరిగేసరికి సర్కారు ఖజానా నుంచి జీతం వస్తది అనే ముచ్చట మన దిక్కు ఇట్లనే మొదలైందని నేననుకుంట. ఒక పక్క ఊర్లల్ల బండి ముందు ఉరికేటోళ్లు ఉండంగనే ఇంకో పక్క ఖాకీ బట్టలేసుకొని జీతం తీసుకునేటోళ్లు వచ్చిన్రు, రెండూ ఒక్క కాలమే! 1958 జనవరి 11న అది ఏపీఎస్‌ఆర్టీసీ అయింది, మీ తాత చేసింది దాంట్లనే అయి ఉంటది.

చిన్నప్పుడు దేవరకొండ బస్సుల నేను చూసిన కండక్టర్ నాకింకా యాదికున్నడు. ఎడమ చేతిల రేకు ట్రే, దాంట్ల రంగు రంగుల టికెట్ల కట్టలు, కుడి చేతిల పంచు, నోట్ల విజిలు, సంకకు తోలు బ్యాగు. బస్సు గుంతల పడ్డా పట్టుకోకుండ, సీటుకు నడుం ఆనించి నిలబడి టక్కు టక్కుమని పంచు కొట్టి చింపిచ్చేటోడు, చిల్లర లేకుంటే టికెట్ ఎనుక రాసిచ్చేటోడు, మనం దిగేటప్పుడు మర్చిపోతే అది ఆయన పాపం కాదు. ఆయనకెవరూ టిప్పు ఇయ్యలే, ఆయన అడగలే. అవసరం లేకుండె.

హోటల్ పనికైతే ఇంకా పాత కథ ఉంది. క్రీడాభిరామం అనే పాత తెలుగు కావ్యంల ఓరుగల్లు పూటకూళ్ల ఇంటి మెనూ ఉంది తెలుసా, లక్ష్మణవజ్ఝల ఇంట్ల ఒక్క రూకకు కప్పురభోగి బియ్యం వంటకం, గోధుమ పిండివంట, గుప్పెడు పంచదార, కొత్తగ కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డ పెరుగు. ఇంత కమ్మగ రాసిన కవి వడ్డించినామె ఎవరు, గిన్నెలు ఎవరు తోమిన్రు అనేది మాత్రం ఆ పద్యంల చెప్పలే, ఆకలి మీద ఉన్నడేమో.

మీ ఆయనకు చెప్పండి, ఎంగిలి ప్లేటు తియ్యడంల తప్పు లేదు, తీసినందుకు పీఎఫ్ ఉందా, డ్యూటీ ఎన్ని గంటలు, అపాయింట్‌మెంట్ కాగితం ఇస్తరా అని అడగమనండి. నేను ఇంటర్ సెలవులల్ల హైవే మీద ఒక హోటల్ల రెండు నెలలు సప్లయర్ పని చేసిన, ఒక్క చేతి వేళ్లకు ఆరు గ్లాసులు పట్టుడు అక్కడనే నేర్చుకున్న, మూడు గ్లాసులు పగిలినయని సగం నెల జీతం కోసిన్రు. పని కష్టం మర్చిపోయిన, ఆ కోత మాత్రం మర్చిపోలే. కోర్సు మంచిదే అక్కా, పోనియ్యండి.

ప్రశ్న: అమెరికా రైళ్లల్ల సామాను మోసే నల్లజాతి పనివాళ్లందరినీ "జార్జ్" అని పిలిచేటోళ్లట, నిజమా లేక ఉత్త రీల్సేనా?
(ఒక తమ్ముడు, జడ్చర్ల)

జవాబు: నిజమే తమ్మీ. జార్జ్ పుల్‌మన్ అని ఒకాయన 1867ల స్లీపర్ బోగీల కంపెనీ పెట్టిండు, పరుపులు, దీపాలు, ఇల్లు లెక్కనే. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ మనుషులను తక్కువ జీతానికి పోర్టర్లుగ పెట్టుకున్నడు. బెర్తులు వెయ్యాలె, సూట్‌కేసులు ఎక్కియ్యాలె, రాత్రి ప్యాసింజర్ల బూట్లు పాలిష్ చెయ్యాలె, ఆ పాలిష్ డబ్బా కూడ సొంత పైసలతోనే కొనుక్కోవాలె. పేరు అడిగే ఓపిక ఎవరికుంది, యజమాని పేరుతోనే అందరూ "జార్జ్", బానిసలను కూడ యజమాని పేరుతోనే పిలిచేటోళ్లు కదా. ఇంకో విచిత్రం, బానిసత్వం రద్దు చేసిన లింకన్ కొడుకే 1897 నుంచి 1911 దాకా ఆ కంపెనీ ప్రెసిడెంట్.

జీతం సరిపోదు కాబట్టి టిప్పు మీద బతకాలె, టిప్పు కావాలంటే నవ్వాలె. నవ్వి నవ్వి వాళ్లకు యాష్టకొచ్చి 1925ల యూనియన్ పెట్టుకున్నరు. లీడర్ ఫిలిప్ రాండాల్ఫ్ అసలు పోర్టరే కాదు, అందుకే కంపెనీ ఆయన ఉద్యోగం పీకుదామంటే పీకనీకి ఉద్యోగమే లేదు! 12 ఏండ్లు కొట్లాడితే 1937ల ఒప్పందమైంది, నెలకు 400 గంటల పని 240కి దిగింది. 1955ల బస్సుల తెల్లోళ్లకు సీటు ఇయ్యనన్న నల్లజాతి ఆమె రోసా పార్క్స్‌ను జైలు నుంచి బెయిల్ మీద తెచ్చిన ఈ.డి. నిక్సన్ కూడ పుల్‌మన్ పోర్టరే, బస్సుల బహిష్కరణ ఉద్యమానికి ముందల నిలబడ్డోళ్లల్ల ఒకడు.

మనోళ్లేమన్న తక్కువనా? స్టేషన్‌ల ఎర్ర చొక్కా, చేతికి నంబర్ బిళ్ల, పేరుండదు, "ఏయ్ కూలీ" అంతే. 2016 రైల్వే బడ్జెట్‌ల వాళ్లను "సహాయక్" అనాలన్నరు. పేరు మారింది గని నెల జీతం రాలే, ఇప్పటికీ మూట ఎత్తితేనే పైసలు. హోటల్‌కు పోతే నలభై ఏండ్ల మనిషిని "చోటూ" అని పిలుస్తున్నం, అది కూడ జార్జ్ లాంటిదే, నేను కూడ మొన్నటిదాకా పిలిచిన.

ప్రశ్న: నేను హైదరాబాద్‌ల ఎయిర్‌హోస్టెస్ ట్రైనింగ్ తీసుకుంటున్న. పెండ్లయితే ఉద్యోగం పోతదని మా అమ్మ భయపెడుతుంది. అట్ల రూల్ ఉందా అన్నా?
(ఒక చెల్లె, నల్లగొండ)

జవాబు: మీ అమ్మ చెప్పింది అబద్ధం కాదు చెల్లె, పాత సంగతి. 1930 మే నెలల అమెరికాల ఎలెన్ చర్చ్ అనే నర్సు మొదటి ఎయిర్‌హోస్టెస్ అయింది. విమానం అంటే జనం భయపడుతుండె, నర్సు ఉంటే ధైర్యం అని ఆమెనే కంపెనీకి ఐడియా ఇచ్చింది. కంపెనీ తీసుకుంది గని పెండ్లి కావొద్దు, 25 దాటొద్దు అని షరతులు పెట్టింది.

మన ఎయిర్ ఇండియాల కూడ 35 ఏండ్లకు రిటైర్, చేరిన నాలుగేండ్ల లోపల పెండ్లి చేసుకుంటే ఇంటికి, మొదటిసారి కడుపుతో ఉన్నా ఇంటికే, ఈ మూడింట్ల ఏది ముందొస్తే అది. అదే విమానంల పని చేసే మగ పర్సర్లకు 58. నర్గేష్ మీర్జా అనే ఎయిర్‌హోస్టెస్, తోటి ఆడోళ్లు కలిసి కోర్టుకు పోయిన్రు. 1981ల సుప్రీంకోర్టు గర్భం రూల్ కొట్టేసింది, తల్లి కావడాన్ని అవమానించుడే అన్నది. నాలుగేండ్ల పెండ్లి రూల్‌ను మాత్రం సరైనదే అని ఉంచింది, కుటుంబ నియంత్రణకు మంచిదని కూడ రాసింది, చదివితే ఇప్పటికీ నాకు మనసుకెక్కదు. ఆ కాలం పోయింది, పెండ్లయినోళ్లు, పిల్లలున్నోళ్లు ఎంతోమంది ఎగురుతున్నరు. అయినా నువ్వు చేరేటప్పుడు బాండు కాగితం పూర్తిగా చదువు, ఎన్నేండ్ల బాండు, మధ్యల మానేస్తే ఎంత కట్టాలె అని. సంతకం పెట్టినంక నన్నడిగితే నేనేం చెయ్యలేను.

ప్రశ్న: హోటల్ బిల్లుల సర్వీస్ చార్జ్ అని వేస్తున్నరు. కట్టాల్నా?
(ఒక పాఠకుడు, వనపర్తి)

జవాబు: అక్కర్లేదు. వాళ్లంతట వాళ్లు బిల్లుల కలపొద్దని 2022 జులైల కేంద్ర వినియోగదారుల అథారిటీ చెప్పింది, హోటలోళ్లు కోర్టుకు పోతే 2025 మార్చిల ఢిల్లీ హైకోర్టు కూడ అదే మాట అన్నది. తీసెయ్యమని అడగండి, తియ్యకుంటే 1915కు ఫోన్ కొట్టండి. ఇయ్యాలనిపిస్తే ఆ పైసలేవో వడ్డించినాయన చేతిల పెట్టండి, గల్లాపెట్టెల పడితే ఆయనకు చేరుతదని గ్యారంటీ లేదు.

ప్రశ్న: విజయవాడ రోడ్డు మీద బస్సు అరగంట దాబా కాడ ఆపుతరు, రేట్లేమో మంట. డ్రైవర్, కండక్టర్లకు భోజనం ఫ్రీ అని ఆపుతున్నరు, ఇదేం దోపిడీ?
(ఒక పెద్దాయన, చౌటుప్పల్)

జవాబు: పెదనాయనా, రేట్ల మీద మీ కోపం న్యాయమే, నాక్కూడ ఉంది. కొన్ని దాబాలల్ల వాళ్లకు భోజనం ఫ్రీ అన్నది కూడ నిజమే. ఆపుడు మాత్రం తిండి కోసం ఒక్కటే కాదు, 2025 దాకా ఉన్న 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్ల చట్టం ప్రకారం రోజుకు 8 గంటలు పని, వరుసగా 5 గంటలు దాటకుండ కనీసం అరగంట విరామం ఇయ్యాల్సి ఉండె. నిద్ర లేని డ్రైవర్‌తోని సూర్యాపేట దాటుడు కంటే ముప్పై రూపాయల చాయే నయం. ఇంట్ల నుంచి టిఫిన్ డబ్బా కట్టుకపోండి, ఎవరూ ఏమనరు.

2023 డిసెంబర్ నుంచి ఆడోళ్లకు ఉచిత ప్రయాణం వచ్చినంక కండక్టర్లకు బస్సుల తిరగనీకి జాగనే దొరకుతలేదు, ప్రతి ఒక్కరికి గుర్తింపు కార్డు చూసి జీరో టికెట్ కొట్టాలె. ఈసారి బస్సు ఆగినప్పుడు ఒకసారి ఆ టేబుల్ దిక్కు చూడండి, డ్రైవర్ కాళ్లు చాపుకొని కండ్లు మూసుకుంటడు, కండక్టర్ మాత్రం అన్నం తినేటప్పుడు కూడ బ్యాగు ఒళ్లోనుంచి తియ్యడు.