నోటి క్యాన్సర్ చికిత్స ముగిసిన పెద్దవారు డైట్ చార్టు ప్రకారం తినకపోతే ఏం చేయాలి?

మీ అత్తగారికి 71 ఏళ్లనీ, నోటి క్యాన్సర్‌కు కరెంటు పెట్టడం (రేడియేషన్) పూర్తయి రెండు నెలలైందనీ, ఆసుపత్రివారు ఇచ్చిన చార్టులో ఉన్నదేదీ ఆవిడ ముట్టడం లేదనీ రాసి, బలవంతంగానైనా తినిపించాలా అని అడిగారు. బలవంతం చేయకండి. చార్టునే మార్పించండి. ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అమ్మమ్మ.

మాది శ్రీకాకుళం జిల్లా. మా వైపు కొందరు ఆడవాళ్లకు చుట్టను నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని కాల్చే అలవాటు ఉంది, దాన్ని అడ్డపొగ అంటారు. ఆ వేడి నేరుగా తగిలేది అంగిలికే కాబట్టి, ఇతర చోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ మా ప్రాంతంలో వైద్యులకు పరిచయమైన జబ్బు. 1954లో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పూనికతో అడయారులో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది, మనవాళ్లు ఈ జబ్బుకు మద్రాసు రైలెక్కడం ఎన్నో ఏళ్లుగా ఉన్నదే. నేను వేళచ్చేరిలో ఉంటున్నాను గనుక 74 ఏళ్ల అమ్మమ్మను కూడా చెన్నైకే తీసుకొచ్చి, వేరొక ఆసుపత్రిలో చేర్పించాం. ఆపరేషన్ చేసి అంగిలిలో కొంత భాగం తీసేసి, ఆ ఖాళీని మూయడానికి పళ్లసెట్టు లాంటి పలక ఒకటి అమర్చారు. తర్వాత వారానికి ఐదు రోజుల చొప్పున ఆరు వారాల పాటు అంగిలికీ మెడకూ కరెంటు పెట్టారు. చేరినప్పుడు 49 కిలోలున్న మనిషి చివరి రోజున 41 కిలోలు తూగింది.

ఆ రోజే మాకు చార్టు ఇచ్చారు. ఇంగ్లీషులో అచ్చువేసిన ఆ కాగితంలో ఉదయం ఓట్స్, పదకొండింటికి మొలకలు, మధ్యాహ్నం రెండు చపాతీలు, పనీరు, బ్రోకలీ, సాయంత్రం ప్రోటీన్ పౌడరు ఉన్నాయి. డైటీషియన్ నాతో మాట్లాడారు. పక్క కుర్చీలో చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్న అమ్మమ్మను, ఇన్నేళ్లూ నువ్వు ఏం తిని బతికావమ్మా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగించాలన్న ఆలోచన నాకూ రాలేదు. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మూడు రోజులు అమ్మమ్మ మా ముందు చపాతీ ముక్క నోట్లో పెట్టుకుంటూనే ఉంది. నాలుగో రోజు ఆమె చీర ఉతకబోయిన మా అమ్మకు కొంగు ముడిలో ఎండిపోయిన చపాతీ ముక్కలు దొరికాయి. నమిలి, మింగలేక, మేము నొచ్చుకుంటామని దాచింది. కరెంటు వల్ల లాలాజలం ఊరడం తగ్గిపోయిన నోటికి పొడి రొట్టె ఇసుకతో సమానమని మాకు అప్పటిదాకా తెలియదు. "గొంతుకు దిగట్నేదు బాబూ, చోడంబలి కాసియ్యండర్రా" అని ఆ రోజు అడిగింది.

చోళ్లు అంటే మా వైపు రాగులే. వీధి చివర కొట్లో, తమిళంలో రాగులను పిలిచే పేరుతో, కేళ్వరగు పిండి అని అడిగి తెచ్చాను. అమ్మ అలవాటుగా పల్చగా కాసింది, మొదటి గుక్కే ముక్కులోంచి వచ్చేసింది. చిగుళ్లు తగ్గి పలక వదులైనందువల్ల అలా జరుగుతుందని దంతవైద్యుడు తర్వాత చెప్పి సరిచేశారు. అమ్మ మళ్లీ చిక్కగా కాసి, పుల్ల మజ్జిగ నోటిని మండిస్తుందని దానికి బదులు పాలు కలిపి, గోరువెచ్చగా చల్లార్చి, చెంచాతో ఇచ్చింది. ఒక గ్లాసు తాగడానికి నలభై నిమిషాలు పట్టింది, కానీ నెల రోజుల్లో అమ్మమ్మ పూర్తి చేసిన మొదటి గ్లాసు అదే.

ఆ రాత్రి నేను లెక్క వేశాను. క్యాన్సర్ రోగికి ఒంటి బరువులో కిలోకు రోజుకు 1 గ్రాముకు తగ్గకుండా, వీలైతే 1.5 గ్రాముల వరకు మాంసకృత్తులు అందాలని యూరప్ పోషకాహార వైద్యుల సంఘం ఎస్పెన్ చెబుతుంది. మూత్రపిండాల జబ్బు ఉంటే మాత్రం వైద్యుణ్ని అడగాలి. అంటే 41 కిలోల మనిషికి 41 నుంచి 61 గ్రాములు. అర లీటరు పాలలో సుమారు 16 గ్రాములు, రెండు గుడ్లలో 12, యాభై గ్రాముల కందిపప్పులో 11, రోజుకు తినే అన్నంలో పది దాకా, అంబలిలో మూడు నాలుగు ఉంటాయి. ముల్లు తీసి మెదిపిన చేప ముక్క ఉన్న రోజున ఇంకా నయం. పప్పన్నంలో నెయ్యి ఎక్కువ వేస్తే మింగడమూ సులువవుతుంది, శక్తీ పెరుగుతుంది. ఈ జాబితా పట్టుకెళితే అదే డైటీషియన్ శ్రద్ధగా చదివి, ఇదే కొనసాగించండి అన్నారు. అంటే ఆవిడకు తెలియక కాదు, ఆవిడ చేతికి ఇచ్చిన కాగితం ఒకటే. ఇంతమంది తెలుగువాళ్లు వచ్చే ఊళ్లో అంబలి, ముద్దపప్పు, పెసరకట్టు అని రాసిన చార్టు ఒకటి అచ్చు వేయించడానికి ఎంత ఖర్చవుతుంది?

అలాగని ఇంటి అలవాట్లన్నీ మంచివని నేను అనను. మా బంధువులు రోజూ ఫోను చేసి పథ్యం చెప్పేవారు. పప్పు తింటే పుండు చీము పడుతుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ, చేప నీచనీ, బెల్లం క్యాన్సర్‌ను పెంచుతుందనీ ఒక్కొక్కటీ తీసేయించాక చివరికి మిగిలేది చారన్నం. పెద్దవయసులో కరిగిన కండ తేలిగ్గా తిరిగి రాదు. అమ్మమ్మ చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవలేకపోయిన రోజున నేను ఆ ఫోన్లు తీయడం మానేశాను. ఆమె ఇష్టంగా తిన్న తిండి వేరు, జబ్బు వచ్చాక భయంతో పెట్టే పథ్యం వేరు.

ఇంకొక విషయం కూడా మీకు ఎవరూ చెప్పి ఉండరని నా అనుమానం. చికిత్స ముగిసింది అనగానే అందరూ ఫైలు మూసేస్తారు. ఏడాది తర్వాత చెన్నై మే నెలలో అమ్మమ్మ దుప్పటి అడిగింది, రోజంతా నిద్రపోయేది. వయసు అనుకున్నాం. పరీక్ష చేయిస్తే థైరాయిడ్ మందగించినట్టు తేలింది. మెడకు కరెంటు పెట్టినవారిలో ఇది తరచూ వచ్చేదేననీ, ఆరు నెలలకో ఏడాదికో టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ రక్తపరీక్ష చేయించాలనీ అప్పుడు తెలిసింది. కరెంటు పెట్టిన దవడలో పన్ను పీకిస్తే ఎముక మానకపోవచ్చు కాబట్టి, దంతవైద్యుడికి ఆ సంగతి ముందే చెప్పాలి. నోరు బిగుసుకుపోకుండా రోజూ తెరిచే వ్యాయామాలు చేయించాలి, నోరు తెరుచుకోకపోతే ఏ చార్టూ పనికిరాదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్లేటప్పుడు, జబ్బు పడక ముందు ఒక వారంలో మీ అత్తగారు ఏమేం తినేవారో ఆవిడనే అడిగి రాసుకుని తీసుకెళ్లండి. మెడకు కూడా కరెంటు పెట్టారేమో కనుక్కోండి. వారానికొకసారి ఒకే తూకం మీద బరువు చూసి రాస్తూ ఉండండి. ఆవిడది ఏ ఊరో, పొద్దున్నే ఏం తాగేవారో కింద రాస్తే, మా ఇంట్లో దాన్ని ఎలా చిక్కబరిచేవాళ్లమో అమ్మను అడిగి చెబుతాను.