చిప్పు పలకనప్పుడు ముందు ఏం చూడాలి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మైక్రోకంట్రోలర్ బాగానే నడుస్తోందని, దానికి అదనపు పిన్నులు ఇచ్చే పోర్ట్ ఎక్స్‌పాండర్ చిప్పు ఎంసీపీ23017 మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా ఉందని, ఎన్ని లైబ్రరీలు (సిద్ధంగా దొరికే కోడ్) మార్చినా ఎల్‌ఈడీ వెలగడం లేదని రాశావు. అమ్మా, లైబ్రరీలు మార్చడం ఇక ఆపు. మాట ఎక్కడ తెగిందో తెలియకుండా కోడ్ మారుస్తూ పోతే అసలు లోపం ఇంకా మరుగున పడుతుంది. ముందుగా తేల్చుకోవలసింది ఒక్కటే: చిప్పు నీ పిలుపుకు బదులిస్తోందా, లేదా? బదులివ్వకపోతే సరఫరా, తీగలు, చిరునామా చూడాలి. బదులిస్తూ కూడా చెప్పిన పని చేయకపోతే రిజిస్టర్లు, అంటే చిప్పు లోపల సెట్టింగులు, విలువలు ఉండే గళ్లు చూడాలి. ఈ రెండు వెతుకులాటలనూ కలపవద్దు.

మల్టీమీటర్ తీసుకుని చిప్పు పిన్నుల మీదే కొలువు. బ్రెడ్‌బోర్డు పట్టీ మీద కొలిస్తే పిన్నుకు కరెంటు అందుతోందో లేదో తెలియదు. 9వ పిన్నుకు సరఫరా, 10వ పిన్నుకు గ్రౌండ్ రావాలి. మైక్రోకంట్రోలర్ గ్రౌండూ దీని గ్రౌండూ కలిసి ఉండాలి. ఆ తర్వాత 18వ పిన్ను చూడు. అది రీసెట్. దాన్ని పైకి లాగి ఉంచే ఏర్పాటు చిప్పు లోపల లేదు. గాలిలో వదిలేస్తే ఒకసారి పనిచేస్తుంది, మరోసారి చేయదు, వేలు దగ్గరకు తెస్తే ప్రవర్తన మారిపోతుంది. అందుకే 10 కిలో ఓముల రెసిస్టర్‌తో సరఫరాకు కట్టు. చిరునామా పిన్నులు 15, 16, 17 కూడా అంతే, ప్రతిదీ గ్రౌండుకో సరఫరాకో తగిలి తీరాలి.

ఇప్పుడు ఎస్‌డీఏ (డేటా), ఎస్‌సీఎల్ (క్లాక్) తీగలు. ఈ రెండూ కలిసి ఐ2సి బస్, అంటే చిప్పులు మాట్లాడుకునే ఉమ్మడి దారి. సీరియల్ పోర్టులో అలవాటైనట్టు వీటిని అడ్డంగా మార్చి కలపకూడదు. ఎస్‌డీఏకి ఎస్‌డీఏ, ఎస్‌సీఎల్‌కి ఎస్‌సీఎల్. బస్ ఖాళీగా ఉన్నప్పుడు రెండూ సరఫరా వోల్టేజీ దగ్గరే నిలబడాలి. ఎందుకంటే ఐ2సి బస్ మీద ఉన్న చిప్పులన్నీ తీగను కిందికి మాత్రమే లాగుతాయి, పైకి లేపేది సరఫరాకు కట్టిన పుల్‌అప్ రెసిస్టర్ ఒక్కటే. మైక్రోకంట్రోలర్ లోపలి పుల్‌అప్ పదుల కిలో ఓములు ఉంటుంది. పొట్టి తీగతో, తక్కువ వేగంలో దానితో నెట్టుకురావచ్చు గాని నమ్ముకోకూడదు. బయట ఒక్కో తీగకు 4.7 కిలో ఓములు పెట్టి, వేగం 100 కిలోహెర్ట్జ్ దగ్గరే ఉంచి మొదలుపెట్టు. ఆసిలోస్కోప్ దొరికితే అంచులు చూడు. నిటారుగా లేవాల్సిన గీత ఏటవాలుగా పాకుతుంటే పుల్‌అప్ చాలడం లేదన్నమాట.

వోల్టేజీల తేడా చాలామంది పట్టించుకోరు. ఎంసీపీ23017 తన సరఫరాలో 80 శాతం దాటినదాన్నే హై (అంటే 1) అని ఖాయంగా గుర్తిస్తుంది. అంటే 5 వోల్టుల సరఫరాకు 4 వోల్టులు. పుల్‌అప్‌లు 3.3 వోల్టులకు కట్టి ఉంటే ఆ గీత దాటదు. చిప్పు 1.8 నుంచి 5.5 వోల్టుల దాకా నడుస్తుంది కాబట్టి, దాన్నీ 3.3 వోల్టుల మీదే నడిపితే ఈ తలనొప్పే ఉండదు.

ఇక చిరునామా, అంటే బస్ మీద ఈ చిప్పును పిలిచే నంబరు. మూడు పిన్నులూ గ్రౌండుకు కడితే హెక్స్ (పదహారు మూలంగా రాసే అంకెల లెక్క) 20, మూడూ సరఫరాకు కడితే హెక్స్ 27. ఇది ఏడు బిట్ల లెక్క. ఆర్డుయినో వైర్ లైబ్రరీకి ఇదే ఇవ్వాలి. ఎస్‌టీఎం32 మైక్రోకంట్రోలర్ల హాల్ లైబ్రరీ మాత్రం ఒక బిట్ ఎడమకు జరిపి ఇమ్మంటుంది, అక్కడ 20 కాస్తా 40 అవుతుంది. ఊహించడం మాని చిరునామాలన్నీ వరసగా పిలిచే స్కానర్ ప్రోగ్రామ్ ఒకటి నడుపు.

చిప్పు నుంచి చదువుతున్న మధ్యలో మైక్రోకంట్రోలర్ రీసెట్ అయితే చిప్పు ఎస్‌డీఏని కిందికే పట్టుకుని ఉండిపోవచ్చు. అప్పుడు ఎస్‌సీఎల్ మీద తొమ్మిది పల్సులు ఇచ్చి స్టాప్ (ముగింపు సంకేతం) పంపితే వదిలేస్తుంది.

స్కానర్‌లో చిప్పు కనబడిందంటే తీగల సంగతి దాదాపు తేలినట్టే. ఇక్కడ ఎల్‌ఈడీ జోలికి పోకుండా ఒక పరీక్ష చెయ్యి. సరఫరా తీసి మళ్లీ ఇచ్చి, 00 రిజిస్టర్ చదువు. అది పోర్ట్ ఏ (ఎనిమిది పిన్నుల గుంపు) దిశను నిర్ణయించే రిజిస్టర్. అందులో హెక్స్ ఎఫ్‌ఎఫ్ రావాలి. తర్వాత అక్కడే హెక్స్ 55 రాసి తిరిగి చదువు. 55 వస్తే మాట్లాడటమూ వినడమూ రెండూ బాగున్నాయి. నాకు ఈ ఒక్క పరీక్ష మీద ఉన్నంత నమ్మకం వెలిగిన ఎల్‌ఈడీ మీద కూడా ఉండదు.

ఈ రిజిస్టర్‌లో 0 అంటే అవుట్‌పుట్, 1 అంటే ఇన్‌పుట్. ఆర్డుయినో మీద మొదలుపెట్టినవాళ్లు దీన్ని తలకిందులు చేస్తుంటారు, నీ కోడ్‌లో ముందు ఇదే చూడు. పోర్ట్ ఏ విలువను 12 హెక్స్ రిజిస్టర్‌లో రాయాలి. అవి పనిచేయకుండా చిరునామాలే తారుమారైనట్టు అనిపిస్తే, ఎక్కడో బ్యాంక్ బిట్ (రిజిస్టర్ల చిరునామాల వరసను మార్చే బిట్) 1 అయి ఉంటుంది. 05 రిజిస్టర్‌లో 0 రాస్తే అది సర్దుకుంటుంది. మైక్రోకంట్రోలర్‌ను రీసెట్ చేసినంత మాత్రాన ఎక్స్‌పాండర్ రీసెట్ కాదు, పాత విలువలు అలాగే ఉంటాయి. అందుకే బోర్డు వేసేటప్పుడు 18వ పిన్నును మైక్రోకంట్రోలర్ పిన్ను ఒకదానికి కలిపి, ప్రోగ్రామ్ మొదట్లోనే ఒకసారి కిందికి లాగి వదలడం మంచిది.

ఇంతా చేసి పలకకపోతే మళ్లీ రాయి. చిప్పు మీద కొలిచిన సరఫరా, 18వ పిన్ను వోల్టేజీ, ఖాళీ బస్ మీద రెండు తీగల వోల్టేజీలు, స్కానర్ చూపిన చిరునామా, 00 రిజిస్టర్‌లో వచ్చిన విలువ రాసి పంపు. తీగలన్నీ కనిపించేలా ఒక ఫొటో కూడా జతచెయ్యి.

ఆశీస్సులతో,
మామయ్య