ఇరవై ఏళ్ల ఆక్టేవియా ఆర్‌ఎస్: కూలింగ్ సిస్టమ్ మొత్తం ఎప్పుడు మార్పించాలి?

మీరు అడిగింది ఇదీ: 2005 మోడల్ ఆక్టేవియా ఆర్‌ఎస్ 1.8 టర్బో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, పాత సర్వీస్ బిల్లులు ఏమీ లేవు, బెంగళూరు సిల్క్ బోర్డ్ ట్రాఫిక్‌లో టెంపరేచర్ ముల్లు 90 దాటి పైకి పోతోంది, బండి కదిలితే దిగుతోంది, మెకానిక్ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కాక కూలెంట్‌ని రేడియేటర్‌కి వదిలే వాల్వ్) ఒక్కటి మారిస్తే చాలంటున్నాడు. మొత్తం ఒకేసారి మార్పించాలా, ఏది పోతే అది మార్చుకుంటూ పోవాలా?

ఒకేసారి మార్పించండి, ఇంజిన్ వాల్వులని సమయానికి కదిలించే టైమింగ్ బెల్ట్‌తో కలిపి. కానీ ఈ ముల్లు సంగతి తేలాకే. ఎందుకంటే మీరు చెప్పిన లక్షణం థర్మోస్టాట్‌ది అనిపించడం లేదు నాకు.

ఇదే ఇంజిన్ ఉన్న బండిని నేను చాలా ఏళ్లుగా బెంగళూరులో నడుపుతున్నాను, ఎండాకాలం తాడిపత్రి పోయి రావడం కూడా దాంట్లోనే. ఆగినప్పుడు వేడెక్కి కదిలితే చల్లబడుతోందంటే ముందు అనుమానించాల్సింది ఫ్యాన్‌ని. కదిలేటప్పుడు ఎదురుగాలి ఆ పని చేసేస్తుంది కాబట్టి ఫ్యాన్ పోయిన సంగతి బయటపడదు. థర్మోస్టాట్ సరిగ్గా తెరుచుకోకపోతే ఖాళీ రోడ్డు మీద కూడా వేడి దిగదు, పైగా ఘాట్ ఎక్కుతుంటే ఇంకా పెరుగుతుంది. అది తెరుచుకునే ఉండిపోతే దీనికి పూర్తిగా రివర్స్, ముల్లు 90కి చేరడానికే మొరాయిస్తుంది.

పరీక్ష చాలా సులువు. ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేయండి, బానెట్ ఎత్తి చూడండి, రెండు ఫ్యాన్లూ తిరగాలి. తిరగకపోతే వెంటనే ఫ్యాన్ మోటార్ కొనేయకండి. బ్యాటరీ మీద ఒక ఫ్యూజ్ పెట్టె ఉంటుంది, ఆ తరం బండ్లలో అక్కడ ఫ్యాన్ ఫ్యూజ్ చుట్టూ ప్లాస్టిక్ కరిగి కాంటాక్ట్ పోవడం బాగా మామూలు, పైనుంచి చూస్తే ఫ్యూజ్ బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. అది బాగుంటే ఫ్యాన్ కంట్రోల్ మాడ్యూల్, ఆ తర్వాత రేడియేటర్‌కి బిగించిన థర్మో స్విచ్. ఈ స్విచ్ 95 డిగ్రీల ప్రాంతంలో ఫ్యాన్‌ని మొదటి స్పీడ్‌లో, 100 దాటాక రెండో స్పీడ్‌లో తిప్పాలి. ఏసీ వేస్తే తిరిగి, ఏసీ లేకుండా ఎంత వేడెక్కినా తిరగకపోతే దొంగ ఈ స్విచ్చే అయ్యుంటుంది, అది చవకైన వస్తువు.

ఇంకో సంగతి, ఆ గేజ్‌ని నమ్మకండి. సుమారు 80 నుంచి 100 దాటేదాకా ముల్లు 90 దగ్గరే కదలకుండా నిలబడేలా కంపెనీ వాళ్లే పెట్టారు, డ్రైవర్‌కి ఊరికే టెన్షన్ ఎందుకని. అంటే మీకు ముల్లు కదిలినట్టు కనిపించేసరికే లోపల పరిస్థితి కాస్త దూరం పోయింది. బండి కంప్యూటర్‌ని లాప్‌టాప్‌కి కలిపే ఒక వీసీడీఎస్ కేబుల్ పెట్టుకుని లాప్‌టాప్‌లో అసలు టెంపరేచర్ చూస్తూ ఒక సాయంత్రం సిల్క్ బోర్డ్ నుంచి మారతహళ్లి దాకా వెళ్లి రండి, ఏ డిగ్రీ దగ్గర ఏం జరుగుతోందో అద్దంలో కనిపించినట్టు తెలుస్తుంది.

డబ్బు పెట్టేముందు మరో రెండు పరీక్షలు చేయించండి. కూలెంట్ పోసే ఎక్స్‌పాన్షన్ ట్యాంక్‌కి ప్రెషర్ పంపు బిగించి ఒక బార్ దాకా కొట్టి ఇరవై నిమిషాలు ఉంచితే, ప్రెషర్ పడిపోతోందా, ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది. రెండోది ఇంజిన్ పైభాగం (హెడ్) కింద సీలులా ఉండే హెడ్ గాస్కెట్ కోసం, ట్యాంక్ మీద నీలం ద్రవం ఉన్న టెస్టర్ పెడతారు, కూలెంట్‌లోకి ఇంజిన్ పొగ వస్తుంటే అది పసుపు రంగుకి తిరుగుతుంది. పసుపు వస్తే లెక్క మొత్తం మారిపోతుంది, హెడ్ దించాలి, అప్పుడు కొత్త పంపులు, పైపుల మాట తర్వాత. కూలెంట్‌లో ఆయిల్ తేలుతుంటే మాత్రం కంగారు పడి హెడ్ దించేయకండి, ఆయిల్ ఫిల్టర్ పైన ఉండే ఆయిల్ కూలర్ లోపల లీకైనా అలాగే కనిపిస్తుంది.

ఇవన్నీ బాగున్నాయనుకుందాం, ఫ్యాన్ బాగు చేసేశారు, ముల్లు కదలడం లేదు. అయినా మొత్తం ఎందుకు మార్పించాలి?

ఈ సిస్టమ్‌లో చాలా భాగం ప్లాస్టిక్, రబ్బరు. వాటికి కిలోమీటర్లతో పని లేదు, వేడెక్కి చల్లారడం, ఏళ్లు, అంతే. ఓడోమీటర్‌లో యాభై వేలే ఉందని సంతోషపడి లాభం లేదు. నా బండికి ఈ పని చేయించినప్పుడు హెడ్ పక్కన గేర్‌బాక్స్ వైపు ఉండే ప్లాస్టిక్ ఫ్లాంజ్ (పైపు తగిలించే మూతి భాగం) నుంచి పైపు లాగితే, ఫ్లాంజ్ మూతి పైపులోనే ముక్కలై ఉండిపోయింది. అంతకు ముందు రోజు దాకా ఒక్క చుక్క కారలేదు! ఈ పాత ప్లాస్టిక్‌తో చిక్కే ఇది, ఒక చోట కొత్త భాగం వేసి ప్రెషర్ సరిగ్గా నిలబెడితే ఆ ప్రెషర్‌కి పక్కనున్న ముసలి భాగం పగులుతుంది. అందుకే ఏది పోతే అది అనే పద్ధతిలో మూడు నెలలకోసారి కూలెంట్ పారబోయడం, టోయింగ్, లేబర్, సెలవు, మొత్తం కలిపితే ఎక్కువే అవుతుంది.

టైమింగ్ బెల్ట్‌తో ఎందుకంటే వాటర్ పంపు దాని వెనకాలే ఉంటుంది, ఆ బెల్టే దాన్ని తిప్పుతుంది. పంపు బేరింగ్ పట్టేస్తే బెల్ట్ పోతుంది, బెల్ట్ పోతే పిస్టన్లు వాల్వులని కొడతాయి, ఈ ఇంజిన్ అలాంటిదే. సర్వీస్ చరిత్ర లేని బండికి బెల్ట్ ఎలాగూ మార్చాల్సిందే కాబట్టి బెల్ట్, టెన్షనర్, రోలర్లు, పంపు ఒకే లేబర్‌లో అయిపోతాయి. ఈ ఇంజిన్ పంపుల్లో కొన్నిటికి ఇంపెల్లర్ (కూలెంట్‌ని తోసే రెక్కల చక్రం) ప్లాస్టిక్‌ది ఉండేది, పాతబడ్డాక పగిలి షాఫ్ట్ మీద ఉత్తుత్తిగా తిరుగుతుంది, బయట లీకు ఉండదు, చప్పుడు ఉండదు, హైవే మీద మాత్రం వేడెక్కుతుంది. లోహపు ఇంపెల్లర్ ఉన్నది అడిగి తీసుకోండి, హెపు, గ్రాఫ్ లాంటి బ్రాండ్లు దొరుకుతాయి. జేసీ రోడ్డు స్పేర్ల షాపుల్లో కొంటే డబ్బా మీద పేరు చూసి ఆగిపోకుండా డబ్బా తెరిపించి పంపు చేత్తో పట్టుకుని చూడండి.

పంపుతో పాటు నేనైతే థర్మోస్టాట్, ఆ ఫ్లాంజ్, దానిలో ఉండే టెంపరేచర్ సెన్సర్, ఎక్స్‌పాన్షన్ ట్యాంక్, దాని మూత, పైనా కిందా పెద్ద పైపులు, టర్బోకి వెళ్లే చిన్న పైపులు మారుస్తాను. మూతని తేలిగ్గా తీసుకోకండి. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఇక్కడ తెరిచిన గిన్నెలో నీళ్లు దాదాపు 97 డిగ్రీలకే మరుగుతాయి. మీ ఇంజిన్ మామూలుగానే ఆ చుట్టుపక్కల వేడిలో తిరుగుతుంది, మరగకుండా ఆపుతోంది కూలెంట్ పాళ్లూ, ఆ మూత పట్టి ఉంచే ఒకటిన్నర బార్ ప్రెషరూ. మూత స్ప్రింగ్ సడలితే మిగతావన్నీ కొత్తవైనా ట్యాంక్‌లో బుడగలే.

హీటర్ కోర్ (క్యాబిన్‌కి వేడి గాలి ఇచ్చే చిన్న రేడియేటర్) జోలికి వెళ్లకండి, అది కారడం లేదంటే చాలు, దాన్ని తీయాలంటే డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి. రేడియేటర్ కూడా అంతే. ఇంజిన్ వేడి మీద ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో దాని మీద అక్కడక్కడా చూసి, మధ్యలో చల్లటి పట్టీలు ఉంటేనే మార్చండి.

చల్లటి పట్టీలు ఎందుకొస్తాయంటే మన ఊళ్లో పోసే నీళ్ల వల్ల. వైట్‌ఫీల్డ్, సర్జాపుర వైపు అపార్ట్‌మెంట్లలో బోర్ నీళ్లు, ట్యాంకర్ నీళ్లు ఎలాంటివో గీజర్ విప్పి చూసిన వాళ్లకి తెలుసు. అవే రేడియేటర్‌లో పోస్తే లోపలా అదే తెల్ల పొర. డిస్టిల్డ్ వాటర్, ఫోక్స్‌వ్యాగన్ గ్రూప్ బండ్ల జీ12 రకం కూలెంట్ సగం సగం, మొత్తం ఐదారు లీటర్లు పడుతుంది. పాత ఎర్ర జీ12లో ఆకుపచ్చదీ నీలందీ కలిపితే గోధుమ రంగు బురద తయారవుతుంది. మీ ట్యాంక్‌లో ఇప్పుడే ఆ రంగు ఉంటే ఎవరో కలిపేశారన్నమాట, డిస్టిల్డ్ వాటర్‌తోనే నీళ్లు తేటగా వచ్చేదాకా ఫ్లష్ చేయించండి. ఘాటైన ఫ్లష్ కెమికల్స్ ఇరవై ఏళ్ల హీటర్ కోర్‌లో పోయడం నాకైతే ఇష్టం లేదు.

ఇక మెకానిక్‌లు. "థర్మోస్టాట్ తీసేద్దాం సార్, మన వెదర్‌కి అక్కర్లేదు" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఒప్పుకోకండి. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి రాదు, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ఇంజిన్ ఇంకా చల్లగా ఉందనుకుని పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది, మైలేజీ పడిపోతుంది, అసలు జబ్బు మాత్రం కప్పబడి ఉంటుంది. అలాగే ఫ్యాన్‌కి స్విచ్ పెట్టి డైరెక్ట్ చేసేయడం, రేడియేటర్‌లో లీక్ ఆపే పౌడర్ వేయడం, వీటికీ ఒప్పుకోకండి. ఆ పౌడర్ రంధ్రాన్ని వెతుక్కుంటూ పోదు, ఇరుకు దారులన్నిటినీ మూస్తుంది, హీటర్ కోర్‌తో సహా.

రీమ్యాప్ (పవర్ పెంచడానికి ఈసీయూ ప్రోగ్రామ్ మార్చడం) చేయించే ఆలోచన ఉంటే ఇదంతా అయ్యాకే చేయించండి. పవర్ పెరిగితే వేడి కూడా పెరుగుతుంది. బండికి పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఆర్‌సీ ఐదేళ్లకోసారి రెన్యువల్, ఆ ఐదేళ్ల లెక్కే దీనికీ పెట్టుకోవచ్చు. నేను బెల్ట్, పంపు, థర్మోస్టాట్ ఐదేళ్లకి, కూలెంట్ అంతకంటే ముందే మారుస్తున్నాను.

పని అయ్యాక మొదటి పరీక్ష ఊళ్లో కాకుండా ఎక్కుడు రోడ్డు మీద చేయండి, బెంగళూరు పక్కనున్న నంది హిల్స్ సరిపోతుంది. మాకు తాడిపత్రి నుంచి తిరిగొచ్చే దారే పరీక్ష: అనంతపురం ఎత్తు 350 మీటర్లు కూడా ఉండదు, అక్కడి మే నెల ఎండలో ఏసీ వేసుకుని, నలుగురితో, పెనుకొండ మీదుగా బెంగళూరు దాకా దారి మొత్తం మీద ఎక్కుడే.

స్పేర్లు వచ్చేలోపు నడపక తప్పకపోతే, ముల్లు లేవగానే ఏసీ ఆపి, హీటర్ ఫుల్ వేడిలో, బ్లోయర్ ఫుల్‌లో పెట్టండి, చెమటలు పడతాయి కానీ ఇంజిన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. అప్పటికీ దిగకపోతే పక్కకి ఆపి ఇంజిన్ ఆఫ్ చేయండి, మూత మాత్రం చేత్తో తాకగలిగేంత చల్లారేదాకా విప్పొద్దు. ఫ్యాన్ పరీక్ష ఫలితం ఏంటో రాయండి, మాడ్యూల్ అయితే ఏది కొనాలో చెప్తాను.