వారానికి ఎన్నిసార్లు సైన్సు చెప్పాలి?

ప్రశ్న: పదకొండేళ్ల పాపకు, ఏడేళ్ల బాబుకు నేను ఇంట్లోనే చదువు చెబుతున్నాను. లెక్కలు, భాష రోజూ సాగుతున్నాయి. సైన్సు మాత్రం శుక్రవారం సాయంత్రానికి మిగిలిపోతోంది, ఒక్కోసారి అదీ కుదరడం లేదు. రోజూ గంటసేపు చెప్పి తీరాలని మావారు పట్టుబడుతున్నారు. దీని మీద ఇద్దరికీ మాటా మాటా పెరుగుతోంది. పిల్లలకు అన్యాయం చేస్తున్నానా?

జవాబు: మీ ఇంట్లో సైన్సు వెనకబడిన మాట నిజమే కాని, దాన్ని అన్యాయమనేంత దూరం తీసుకెళ్లకండి. లెక్కలూ చదవడమూ రోజువారీ సాధనతో వచ్చేవి కాబట్టి వాటికి మీరు పెద్దపీట వేయడంలో తప్పు లేదు. సైన్సు తీరు వేరు. అందులో కొన్ని విషయాలకు రోజూ రెండు నిమిషాలు చాలు, మరికొన్నింటికి ఒకే బిగిన గంట కూర్చోవాలి. మీవారు చెప్పే ‘రోజుకు గంట’ గానీ, మీ ‘శుక్రవారం సాయంత్రం’ గానీ ఈ రెండింటికీ సరిపోవు.

చంద్రుణ్ణే తీసుకోండి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి సుమారు 29.5 రోజులు పడుతుంది, చంద్రోదయం సగటున రోజుకు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. వారానికొకసారి చూసే పిల్లకు నెలంతా కలిపి నాలుగైదు బొమ్మలే దక్కుతాయి, నడుమ జరిగినదంతా పుస్తకం చెబితే నమ్మాల్సిందే. అదే రోజూ తల పైకెత్తి చూసి, వేళ రాసుకునే పాప, ‘నిన్న ఈపాటికి వచ్చేశాడు, ఇవాళ ఇంకా రాలేదేం?’ అని తానే అడుగుతుంది. బాబుకు గాజు సీసా గోడకూ తడి కాగితానికీ మధ్య ఒక చిక్కుడు గింజను ఇరికించి ఇవ్వండి. వేరు కిందికి దిగాక సీసాను పక్కకు పడుకోబెడితే, ఒకటి రెండు రోజుల్లో వేరు కొస మళ్లీ నేల వైపు వంగుతుంది. వాడు రోజూ బొమ్మ గీస్తే చాలు, పాఠం చెప్పనక్కర్లేదు.

కొవ్వొత్తి విషయం అలా కాదు. దాన్ని ఊదేసిన వెంటనే లేచే తెల్లటి పొగకు అగ్గిపుల్ల చూపితే, మంట ఆ పొగ వెంట దిగి వత్తిని మళ్లీ అంటుకుంటుంది. మండేది మైనపు ఆవిరి అని పిల్లలు అక్కడ పట్టుకోవాలంటే నాలుగుసార్లు చేసి చూడాలి, వాదించుకోవాలి, పెద్దవాళ్లు పక్కనే ఉండాలి. 1860 చివర్లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే పిల్లల కోసం మొదలుపెట్టిన ఆరు ఉపన్యాసాలకూ ఒక్క కొవ్వొత్తే ఆధారం. అధ్యాయాలు ఎన్ని అయ్యాయన్న బెంగ పట్టినప్పుడల్లా నాకు ఆ సంగతి గుర్తొస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. రోజూ ఐదు నిమిషాలు చూడడానికి, రాయడానికి ఉంచండి. వారంలో రెండు పూటలు, అదీ అందరూ అలసిపోయే సాయంత్రం కాక ఉదయం, ముప్పావు గంట నుంచి గంట వరకు ప్రయోగానికీ చర్చకూ కేటాయించండి. బాబు ఇరవై నిమిషాలకే లేచిపోతే పోనివ్వండి. పాపకు పదమూడు పద్నాలుగేళ్లు వచ్చేసరికి వారానికి నాలుగు రోజులు క్రమంగా కూర్చోక తప్పదు, పరీక్షలు రాయించే ఉద్దేశం ఉంటే ఇంకా తప్పదు. మీరున్న చోట ఇంటి చదువుకు నిర్ణీత గంటల నిబంధన ఉంటే మాత్రం ముందు దాన్ని చూసుకోండి.

ఇక మీవారి సంగతి. గంటల మీద వాదించడం మాని, పిల్లలకు ఏది రాకుండా పోతుందని ఆయన భయపడుతున్నారో నెమ్మదిగా అడగండి. ఆ రెండు పూటల్లో ఒకటి ఆయన సెలవు రోజున పెట్టి, కొవ్వొత్తి పని ఆయనకే అప్పగించండి. నెల గడిచాక చంద్రుడి లెక్కల నోటుబుక్కును పాప చేతే ఆయనకు చూపించండి. అప్పటికీ ఈ సమయం చాలదనిపిస్తే, ఆ నోటుబుక్కును ముందు పెట్టుకొని ఇద్దరూ మళ్లీ మాట్లాడుకోండి.