అతను మారతాడని ఎదురు చూడనా?

ప్రశ్న: మేడమ్, నేను ఎమ్మెస్సీ జువాలజీ చివరి సంవత్సరం చదువుతున్నాను. చిన్నప్పటి నుంచి మందిరంలో పెరిగాను, పదహారో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. ఇదే యూనివర్సిటీలో ఫిలాసఫీలో పీహెచ్‌డీ చేస్తున్న అబ్బాయిని ప్రేమించాను. చాలా మంచివాడు, కానీ దేవుణ్ణి నమ్మడు. ఈమధ్య ఇద్దరం కలిసి ఒక సినిమా చూశాం. అందులోనూ యూనివర్సిటీయే, ప్రార్థన చేసుకునే అమ్మాయి, దేవుణ్ణి నమ్మని అబ్బాయి. చివర్లో అతను ఒక్కడే మందిరానికి వచ్చి మోకాళ్ల మీద పడి ఏడుస్తాడు, ఇద్దరూ ఒకటవుతారు. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. బయటికి వచ్చాక ఇతను, "నీకు అదే కావాలంటే నేనూ బాప్తిస్మం తీసుకుంటాను, నాకేం పోతుంది" అన్నాడు. సంతోషించాలో బాధపడాలో తెలియలేదు. ఒకసారి స్నేహితుల ముందు "మీ దేవుడికి వైవా పెట్టాలి" అని నవ్వాడు కూడా. తర్వాత సారీ చెప్పాడు. మా ప్రేయర్ గ్రూప్‌లో అక్క, అవిశ్వాసితో జోడు వద్దని వాక్యం చూపించి, అతన్ని వదిలేసి అందరి ముందు సాక్ష్యం చెప్పమంటోంది. కిందటి సెమిస్టర్ నుంచి నాకూ ప్రార్థనలో మనసు నిలవడం లేదు. ఇంట్లో ఇంకా ఏమీ తెలియదు. అతను మారతాడని ఎదురు చూడనా, వదిలేయనా?

జవాబు: మీరు రెండే దారులు రాశారు. ఎదురు చూడటం, లేదా వదిలేయడం. ఆ రెండింటిలోనూ ఇప్పుడున్న అబ్బాయికి చోటు లేదు. ఒకదాంట్లో రేపెప్పుడో మారబోయే మనిషి ఉన్నాడు, రెండోదాంట్లో మీరు పోగొట్టుకున్న మనిషి. ఇతను చివరిదాకా నమ్మకపోయినా నాకు కావాలా అన్న ప్రశ్న మీరు వేసుకోలేదు. ముందు తేలాల్సింది అదే.

ఆ సినిమా మిమ్మల్ని అంతగా ఎందుకు కదిలించిందో నాకు అర్థమైంది. మీ గుండెల్లో ఉన్నదే తెర మీద కనిపించింది. కానీ రెండు గంటల్లో కథ ముగించాలంటే మనిషి ఒక్క సీన్లో మారక తప్పదు. అతను మోకరించగానే సినిమా అయిపోతుంది. ఆ మర్నాడు, ఆ మరుసటి ఏడాది, బిడ్డకు జబ్బు చేసినప్పుడు అతని నమ్మకం ఏమైందో మనకు చూపించరు. నిజంగా విశ్వాసంలోకి వచ్చినవాళ్లు లేరని అనడం లేదు, చాలామంది ఉన్నారు. అయితే అది వాళ్ల లోపలి వేగంతో జరుగుతుంది. అవతల ఎదురు చూస్తున్న మనిషి క్యాలెండర్‌తో దానికి పని లేదు. క్రైస్తవ వేదాంతి సెయింట్ అగస్టీన్ తల్లి మోనికా సంగతి మీరు మందిరంలో వినే ఉంటారు. నాలుగో శతాబ్దంలో క్రైస్తవ విశ్వాసం లేని పట్రీషియస్‌ను చేసుకుంది. అతను బాప్తిస్మం తీసుకున్నది చనిపోవడానికి కొద్దికాలం ముందు. సంసారమంతా అయ్యాక వచ్చిన మార్పు అది. అంతకాలం ఆమె కాపురం చేసింది నమ్మని మనిషితోనే.

ఇక అతను చెప్పిన బాప్తిస్మం మాట. మీకు సంతోషం కలగకపోవడం సరైనదే, ఆ ఇబ్బందిని మీరు నమ్మండి. "నాకేం పోతుంది" అన్నాడు చూడండి, అతని దృష్టిలో అది కొద్దిసేపు నీళ్లలో నిలబడి రావడం. మీకు అది జీవితం. మిమ్మల్ని కోల్పోకూడదన్న ఆరాటంతోనే అని ఉంటాడు, దురుద్దేశం నాకు కనిపించలేదు. అయినా ఒప్పుకోవద్దు. అలా మొదలుపెడితే ప్రతి ఆరాధనలో అతను మీ పక్కన కూర్చుని నటించాలి. ఎప్పుడో ఒకరోజు గొడవలో "నీకోసం అదీ చేశాను" అంటాడు. ఆ మాటకు మీ దగ్గర సమాధానం ఉండదు. అంతకంటే పెద్ద నష్టం ఇంకొకటుంది. అతనికి నిజంగా ఎప్పుడైనా దేవుడి మీద ఆలోచన కలిగితే, అది నిజమో అలవాటైన నటనో అతనికే తెలియదు. "నాకోసం వద్దు. నీకు అనిపించినప్పుడు, అనిపిస్తేనే" అని స్పష్టంగా చెప్పండి.

మీరు జువాలజీ చదువుతున్నారు కాబట్టి డార్విన్ తెలుసు. ఆయన పెళ్లి కథ మాత్రం క్లాసులో చెప్పి ఉండరు. ఛార్లెస్ డార్విన్ కేంబ్రిడ్జిలో చేరింది పాస్టర్ అయ్యే ఉద్దేశంతో. 1831లో డిగ్రీ పుచ్చుకుని ఓడెక్కి వెళ్లాడు. తిరిగొచ్చాక మెల్లగా మత విశ్వాసం మీద అనుమానాలు మొదలయ్యాయి. 1838లో ఎమ్మాతో పెళ్లి కుదిరే వేళకు తండ్రి ఒక సలహా ఇచ్చాడు, నీ అనుమానాలు భార్యకు తెలియనివ్వకు అని. డార్విన్ ఆ సలహా పాటించలేదు, ఎమ్మాకు చెప్పేశాడు. ఎమ్మా గట్టి విశ్వాసి. ఆమెకు బాధ కలిగింది. అన్నిటికంటే ముఖ్యమైన విషయంలో మన అభిప్రాయాలు వేరవుతాయేమోనని భయంగా ఉందని రాసింది. దాచకుండా చెప్పినందుకు మాత్రం మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పింది. నన్ను బాధపెట్టకూడదని నువ్వు దాస్తున్నావన్న అనుమానమే నాకు ఎక్కువ భయం అన్నది ఆ ఉత్తరం సారాంశం. 1839 జనవరిలో పెళ్లయింది. పెళ్లయిన కొత్తలో మళ్లీ ఒక ఉత్తరం రాసింది, విశ్వాసం గురించే. దాన్ని డార్విన్ జీవితాంతం దాచుకున్నాడు. నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని దాని చివర రాసి పెట్టాడు.

పదిమంది పిల్లలు పుట్టారు. పదేళ్ల కూతురు ఆనీ 1851లో చనిపోయింది. ఒకే దుఃఖాన్ని ఇద్దరూ వేర్వేరు నమ్మకాలతో మోయాల్సి వచ్చింది. ఎమ్మా పిల్లల్ని తీసుకుని చర్చికి వెళ్లేది, ఆయన వెళ్లడం మానేశాడు. 1882లో ఆయన పోయేదాకా, అంటే నలభై మూడేళ్లు, కలిసే ఉన్నారు. ఆమె ఆయన్ని తన వైపు తెచ్చుకోలేకపోయింది, ఆయన ఆమె నమ్మకాన్ని తక్కువ చేయలేదు. అయినా ఆ భేదం ఆమెకు చివరిదాకా నొప్పిగానే ఉంది. ఆయన ఆత్మకథ అచ్చు వేసేటప్పుడు మతం గురించిన కొన్ని వాక్యాలు తీసేయించింది. పూర్తి పాఠం 1958లో వాళ్ల మనవరాలు నోరా బార్లో బయటపెట్టే వరకు రాలేదు. ఇంత వివరంగా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి పెళ్లి సాధ్యమే, నొప్పి లేకుండా మాత్రం సాధ్యం కాదు. మీరు ఆ నొప్పితో సహా ఒప్పుకోగలరా అన్నది చూసుకోవాలి.

అందుకని దేవుడున్నాడా లేడా అన్న వాదన అతనితో కొన్నాళ్లు ఆపండి. ఫిలాసఫీ విద్యార్థితో ఆ వాదనకు అంతు ఉండదు, గెలిచినా ఓడినా మీ ఇద్దరికీ ఒరిగేదీ లేదు. బతుకు సంగతులు మాట్లాడండి. ప్రతి ఆదివారం నేను మందిరానికి వెళ్తాను, నీకు అది నా దగ్గర్నుంచి లాక్కున్న సమయంలా అనిపిస్తుందా? పిల్లలకు నేను ప్రార్థన నేర్పితే నువ్వు పక్క గదిలోకి వెళ్లిపోతావా? "నాన్న ఎందుకు ప్రార్థన చేయడు" అని వాళ్లు అడిగితే ఇద్దరం ఏం చెబుదాం? సంపాదనలో కొంత నేను సంఘానికి ఇస్తాను, సరేనా? నా మనిషి ఎవరైనా చనిపోయినప్పుడు, వాళ్లు దేవుడి దగ్గర ఉన్నారని నేనంటే నువ్వు ఊరుకోగలవా? వీటిలో పిల్లల సంగతి అన్నిటికంటే కష్టమైనది. దాన్ని మొహమాటపడి తర్వాతకు నెట్టకండి. పెళ్లికి ముందు "అప్పుడు చూద్దాంలే" అనుకున్న జంటలు బిడ్డ పుట్టిన నెలలోనే కొట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

వైవా మాట గురించి కూడా అతనితో విడిగా మాట్లాడాలి. నమ్మకపోవడం వేరు, నమ్మేవాళ్లను నలుగురిలో చులకన చేయడం వేరు. మొదటిదానితో కాపురం చేయవచ్చు, రెండోదానితో కుదరదు. సారీ చెప్పాడు, మంచిదే. ఆ తర్వాత స్నేహితుల్లో ఎవరైనా మీ విశ్వాసం మీద జోకు వేస్తే అతను నవ్వుతున్నాడా, ఆపుతున్నాడా అన్నది గమనించండి. మీరూ ఒకటి చూసుకోండి. అతను నమ్మడు కాబట్టి అతనికి నీతి తక్కువని ఎక్కడైనా మాట తూలారా? అదీ చులకనే.

అక్క చూపించిన వాక్యం రెండో కొరింథీ పత్రిక ఆరో అధ్యాయంలోది. అవిశ్వాసులతో జోడుగా ఉండవద్దన్న ఆ మాట అక్కడ పెళ్లి పేరెత్తి చెప్పింది కాదు. సంఘాలు తరతరాలుగా దాన్ని పెళ్లికి వర్తింపజేస్తూ వచ్చాయి, అందులో అనుభవం కూడా ఉంది కాబట్టి తీసిపారేయవద్దు. అదే పౌలు మొదటి పత్రిక ఏడో అధ్యాయంలో, నమ్మని భర్త కలిసి ఉండటానికి ఇష్టపడితే అతన్ని విడిచిపెట్టవద్దని అప్పటికే పెళ్లయిన స్త్రీలకు చెప్పాడు. అక్కతో కూర్చుని రెండూ చదవండి. మీ మంచి కోరే ఆమె మాట్లాడుతోంది, అందుకు ఆమె మీద కోపం వద్దు. సాక్ష్యం మాత్రం ఇప్పుడు చెప్పవద్దు. మీలో ఇంకా తేలని విషయాన్ని అందరి ముందు తేలినట్టు ప్రకటిస్తే, తర్వాత ఆ మాటకు కట్టుబడటానికే బతకాల్సి వస్తుంది. విషయం బయటికి పోకుండా వినగల పెద్దామె ఒకరు సంఘంలో ఉంటే ఆమెతో మాట్లాడండి.

ఉత్తరం చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి దాటేశారు, కిందటి సెమిస్టర్ నుంచి ప్రార్థనలో మనసు నిలవడం లేదని. నన్ను ఎక్కువసేపు ఆపింది ఆ వాక్యమే. నా ఊహ తప్పు కావచ్చు గానీ చెబుతాను. పైకి అతను అడుగుతున్న ప్రశ్నలు కొన్ని మీలోనూ లేచాయేమో. క్లాసులో పరిణామ సిద్ధాంతం, హాస్టల్‌కు వచ్చాక బైబిలు, మధ్యలో మీరు. అతను నమ్మితే మీ అనుమానాలు కూడా వాటంతటవే సద్దుమణుగుతాయని ఆశ పడుతున్నారేమో. ఆ సినిమా చివర మీరు అంతగా ఏడ్చింది ఆ అబ్బాయి కోసమేనా, మీకోసం కూడానా?

దీనికి భయపడకండి. ఈ వయసులో, అందులోనూ యూనివర్సిటీలో, ఇది మామూలే. జేమ్స్ మార్షియా అనే మనస్తత్వవేత్త 1966లో యువత మీద చేసిన పరిశోధనలో ఒక తేడా చూపించాడు. అమ్మానాన్న ఇచ్చిన నమ్మకాలను ప్రశ్నించకుండా తీసుకున్నవాళ్లు కొందరు. వెతికి, సతమతమై, చివరికి తమవిగా చేసుకున్నవాళ్లు కొందరు. ఆ మధ్యలో తేలక ఊగిసలాడే దశ ఒకటుంటుంది. మీరు అక్కడ ఉన్నట్టున్నారు. ఊగిసలాడినంత మాత్రాన విశ్వాసం పోయినట్టు కాదు. మార్కు సువార్తలో బిడ్డను తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో సహాయం చేయమని ఒకే ఊపిరిలో అడుగుతాడు కదా. అతన్ని యేసు వెళ్లగొట్టలేదు. మీ ప్రశ్నలను ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి, అతనివి కాదు, మీవి. పరిణామ సిద్ధాంతాన్ని ఒప్పుకుంటూనే విశ్వాసంలో ఉన్న శాస్త్రవేత్తలున్నారు. పరిణామ జీవశాస్త్రవేత్త థియోడోషియస్ డొబ్‌జాన్‌స్కీ మీ సిలబస్‌లోని పేరే, ఆయన ఆర్థడాక్స్ క్రైస్తవుడు. వాళ్లు ఎలా ఆలోచించారో చదవండి. మీ నమ్మకం ఎటు నిలబడుతుందో అప్పుడు మీకే తెలుస్తుంది. అది తేలకముందు ఇంకొకరి నమ్మకాన్ని షరతుగా పెట్టడం అతనికీ మీకూ అన్యాయం.

ఇదంతా ఈ నెలలోనే తేల్చేయాలని లేదు. పరీక్షలు రాయండి. నిద్ర పట్టకపోవడం, ఏడుపు ఆగకపోవడం వారాల తరబడి ఉంటే మాత్రం యూనివర్సిటీలో ఉండే కౌన్సెలర్‌ను కలవండి. అతనితో ఆ మాటలన్నీ అయ్యాక, అతను ఇలాగే ఉన్నా నాకు కావాలి అని గుండె మీద చెయ్యి వేసుకుని అనగలిగితే అప్పుడు ఇంట్లో చెప్పండి. అనలేకపోతే అతనికి త్వరగా, సూటిగా చెప్పేయండి. "నువ్వు మారితే" అన్న మాట వాడకుండా చెప్పండి, ఆ మాట అతన్ని ఏళ్ల తరబడి కట్టిపడేస్తుంది. ఇంట్లో చెప్పేటప్పుడు అమ్మకు ముందు చెబితే నయం. మీ నోటి నుంచే వినాలి, ప్రేయర్ గ్రూప్ ద్వారా తెలిస్తే ఆమెకు రెండింతలు కష్టం. అతను నమ్మడన్న సంగతి దాచకండి. తర్వాత ఎప్పుడైనా మారతాడని వాళ్లకు మాట కూడా ఇవ్వకండి.